ఆయన పాట, ఆమె నడత

క్షేత్రయ్య జీవితం మీద మనవాళ్ళు సినిమా తీశారు. 1976లో వచ్చిన ఆ చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు క్షేత్రయ్యగా నటించారు. అంతకు అరవై అయిదేళ్ళ ముందు, 1911లో, ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ ప్రతులను మద్రాసు పోలీసులు పట్టుకుపోయారు. ఇద్దరూ రాసింది శృంగారమే. ఇద్దరూ తంజావూరు కొలువులో మన్నన అందుకున్నవాళ్ళే. ఆయనది పదిహేడో శతాబ్దం, నాయకరాజుల కాలం. ఆమెది పద్దెనిమిదో శతాబ్దం, మరాఠా రాజు ప్రతాపసింహుడి కాలం. ఇద్దరికీ నాయకుడు ఆ గోపాలుడే. మరి ఒకరికి వెండితెర, ఇంకొకరికి పోలీసు జప్తు ఎందుకు దక్కాయి? చాలా ఏళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

క్షేత్రయ్య పదాల్లో మాట్లాడేది ఎక్కువగా ఆడమనిషి. మువ్వగోపాలుడి కోసం ఎదురుచూసేదీ, రాలేదని అలిగేదీ, ఇంకొకతె ఇంటి నుంచి వచ్చాడని నిలదీసేదీ, రాత్రి ముచ్చట చెలికత్తెకు పూసగుచ్చినట్టు చెప్పేదీ ఆమే. వాటిలో కొన్ని పదాలను ఈనాటికీ సభలో పాడాలంటే గాయకులు తటపటాయిస్తారు. అయినా సాహిత్య చరిత్రలో ఆయన పీట కదల్లేదు. జీవాత్మ పరమాత్మ కోసం పడే తపన అన్నారు, మధురభక్తి అన్నారు. అన్నమయ్య సంకీర్తనల్లోనూ ఆధ్యాత్మికం కంటే శృంగారమే ఎక్కువ. వాటిని తిరుమల తిరుపతి దేవస్థానం సంపుటాలు సంపుటాలుగా అచ్చువేసింది. వేయవలసిందే. ఆ ఇద్దరి పాట లేకుండా నాకు తెలుగు లేదు. కానీ ఆడమనిషి కోరికను మగవాడు పాడితే భక్తి, ఆమే నోరు విప్పి చెప్పుకుంటే బూతు అనే లెక్క మాత్రం నాకు ఎన్నాళ్ళయినా మింగుడుపడదు.

ముద్దుపళని కొలువులో ఆడిపాడిన కళావంతురాలు. సంగీతం, నాట్యం, సంస్కృతం, తెలుగు నేర్చిన విదుషి. ఆమె కావ్యంలో రాధ తానే పెంచిన ఇళాదేవిని కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. చేశాక ఆ ఎడబాటు ఓర్చుకోలేక కుమిలిపోతుంది. కృష్ణుడు వచ్చి ఆమెను బతిమాలుకుని ఊరడించడమే కథ. 584 పద్యాల్లో ఒక స్త్రీ అసూయనూ ఆశనూ అభిమానాన్నీ ఏదీ దాచకుండా చెప్పింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘ఆంధ్ర కవుల చరిత్ర’లో ఆమె పాండిత్యాన్ని ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే ఆమె వేశ్య అని గుర్తుచేసి, ఆ కావ్యంలో చాలా భాగం స్త్రీలు వినడానికైనా తగదని తీర్పు చెప్పారు.

ఆ తీర్పుకు జవాబు చెప్పింది సాహిత్య పరిషత్తులు కాదు. ఒక పాటకచేరీ విద్వాంసురాలు చెప్పింది. ఆమె బెంగుళూరు నాగరత్నమ్మ. మైసూరు దగ్గర నంజనగూడులో 1878లో పుట్టింది. దేవదాసీ ఇంటి బిడ్డ. మద్రాసులో కచేరీలు చేసి పేరూ డబ్బూ గడించింది, ఆదాయపు పన్ను కట్టేంత సంపాదించింది. ‘రాధికా సాంత్వనము’ అంతకుముందే ఒకసారి అచ్చయింది కానీ, అందులో కొన్ని పద్యాలూ, కవయిత్రి తన గురించి చెప్పుకున్న భాగమూ ఎగరగొట్టేశారు. నాగరత్నమ్మ తాళపత్ర ప్రతి సంపాదించింది. లేని పద్యాలు పూరించి 1910లో వావిళ్ళవారి ద్వారా అచ్చువేయించింది. పీఠికలో పంతులుగారిని సూటిగా అడిగింది. సిగ్గూ మర్యాదా అనేవి ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కర్లేదా అని. తమరు చూసి అచ్చుకు ఒప్పిన ‘వైజయంతీ విలాసం’లో ఉన్న శృంగారం ఇంతకంటే తక్కువా అని.

నూట పదేళ్ళు దాటాయి. ఆ ప్రశ్నకు సరైన జవాబు నేను ఇంతవరకు చదవలేదు. ఆమెకు దక్కింది జవాబు కాదు, జప్తు. ప్రభుత్వ అనువాదకుడు పుస్తకం చదివి అశ్లీలమన్నాడు. ప్రతులు పట్టుకుపోయారు. అభ్యంతరం పెట్టినవాళ్ళలో కొందరి బాధ పుస్తకంలోని శృంగారం మీద కూడా కాదు, ఒక వేశ్య రాసింది, ఇంకొక వేశ్య అచ్చువేయించింది, ఇక అందులో ఏముంటుంది అని. పుస్తకం చదవకముందే రాసినావిడ నడతను చదివేశారు. ఆ నిషేధం తొలగడానికి దేశం స్వతంత్రానికి దగ్గరపడాల్సి వచ్చింది, టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు రాష్ట్రానికి ప్రధాని కావలసి వచ్చింది.

వీరేశలింగం పంతులుగారిని తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి, ఊరంతా వెలివేసినా నిలబడిన మనిషి ఆయన. ఆ ధైర్యం లేకపోతే మన ఇళ్ళలో ఎంతమంది ఆడపిల్లల బతుకులు తెల్లచీరల్లో ముగిసేవో. అందుకే ఇక్కడ బాధ ఎక్కువ. స్త్రీల కోసం అంత చేసిన మనిషికి కూడా, పాడే స్త్రీ, రాసే స్త్రీ ఎదురుపడగానే మొదట ఆమె ఎలా బతుకుతోందో కనపడింది. ఆయన పాలుపంచుకున్న భోగంమేళాల వ్యతిరేకోద్యమానికి కారణాలు లేకపోలేదు. పసిపిల్లలకు గజ్జె కట్టి పెద్దవాళ్ళ పాలు చేసే ఆచారం పోవలసిందే. కానీ ఆ ఊపులో మేళాలు పెట్టించుకున్న జమీందార్ల మర్యాదకు భంగం రాలేదు. పాడిన స్త్రీలకే ఆ పేరు అంటుకుంది. వాళ్ళ నోట తరతరాలుగా నిలిచిన పదాలూ జావళీలూ మాత్రం తర్వాత మర్యాదస్తుల సభల్లోకి వచ్చాయి. వాటిని కాపాడినవాళ్ళను గుమ్మం దగ్గరే ఆపేశారు.

గుమ్మం దగ్గర ఆపడం అంటే తిరువయ్యూరు గుర్తుకొస్తుంది. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. కావేరి ఒడ్డున సమాధి చుట్టూ ముళ్ళకంపలు పెరిగి పాడుబడి ఉందని గురువు బిడారం కృష్ణప్పగారు నాగరత్నమ్మకు ఉత్తరం రాశారు. ఆమె వెళ్ళి చూసింది. ఆ స్థలం సంపాదించి, తన నగలూ కూడబెట్టిన సొమ్మూ ఖర్చుపెట్టి, 1920లలో అక్కడ గుడి కట్టించింది. నిత్యపూజ ఏర్పాటు చేసింది. కానీ ఆరాధన ఉత్సవాలు నడిపే భాగవతుల పక్షాలు రెండూ స్త్రీలను అక్కడ పాడనివ్వలేదు. గుడి కట్టించిన ఆమెకే ఆ గుడి ముందు కీర్తన పాడే హక్కు లేదన్నారు. ఆమె ఏడ్చి ఊరుకోలేదు. 1927లో తనలాంటి కళాకారిణులను పోగుచేసి, తమిళంలో పెణ్గళ్ కట్చి అనే స్త్రీల పక్షం పెట్టింది. గుడి వెనకవైపు వేరుగా ఆరాధన మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనుక పాడారు. 1940ల మొదట్లో పక్షాలన్నీ కలిశాకే ఇప్పుడు మనం చూస్తున్న ఆరాధన ఏర్పడింది. పంచరత్నాలు అందరూ కలిసి పాడేటప్పుడు ఆడా మగా ఒకే పందిట్లో ఎదురెదురుగా కూర్చుంటారు కదా, ఆ కూర్చోవడం అంత తేలిగ్గా రాలేదు. 1952లో ఆమె పోయాక త్యాగయ్య సమాధికి ఎదురుగానే ఆమె సమాధి కట్టారు.

ఇవన్నీ పాత సంగతులు, ఇప్పుడెవరు అలా ఉన్నారు అని మీరు అనవచ్చు. ఏదైనా కచేరీకి వెళ్ళి విరామంలో కాఫీ దగ్గర నిలబడి చెవి ఒగ్గండి. నేను ఎన్నోసార్లు విన్నాను. పాడినవాడు మగవాడైతే మాట తోడి మీదకో, తనియావర్తనం మీదకో, గురువుగారి బాణీ మీదకో పోతుంది. గొంతు జీరబోతే, పాపం ప్రయాణం చేసి వచ్చాడు అంటారు. పాడినావిడ అయితే మాట చీర దగ్గర మొదలవుతుంది. వయసు ఎంత ఉంటుందంటావు, రంగు వేసుకుందా, భర్త ఏం చేస్తాడు, విడిపోయారట నిజమేనా, పిల్లల్ని ఎవరు చూసుకుంటారు. ఇవన్నీ అయ్యాక, సమయం మిగిలితే, రాగం. మాట్లాడేవాళ్ళలో మగవాళ్ళు మాత్రమే ఉన్నారనుకోకండి. ఎంతో ఇష్టంగా పాట వినే ఆడవాళ్ళే ఈ విచారణలో ముందుంటారు. చిన్నప్పటి నుంచి తమ నడతకు జవాబు చెప్పుకుంటూ పెరిగినవాళ్ళు, ఇంకొకరి దగ్గర అదే జవాబు అడగడం సహజమని నమ్ముతారేమో.

మగ విద్వాంసుడి బలహీనతలు మనకు ముచ్చట. నాదస్వర చక్రవర్తి టి.ఎన్.రాజరత్నం పిళ్ళై గురించి చెప్పే కథలు వినండి. తాగుడు, ఒకటికి మించిన పెళ్ళిళ్ళు, డబ్బు మంచినీళ్ళలా ఖర్చుపెట్టడం, రాజులనైనా లెక్కచేయని తల పొగరు. అన్నీ మురిసిపోతూ చెబుతారు, చివర తోడి వాయిస్తే కావేరి ఆగిపోయేదని ముగిస్తారు. ఆయన తోడికి నేనూ దాసోహమే. కళాకారుడి మనసు అలాగే ఉంటుందని మనం ఆయనకు సర్దుబాటు చేశాం. ఆ సర్దుబాటు ఏ విద్వాంసురాలికైనా ఎప్పుడైనా చేశామా? తాగిన గాయనిని, రెండు పెళ్ళిళ్ళు చేసుకున్న గాయనిని, ఎవర్నీ లెక్కచేయని గాయనిని ఇదే మురిపెంతో తలచుకున్నామా?

ఎం.ఎస్.సుబ్బులక్ష్మిగారిని తీసుకోండి. 1963లో ఆమె పాడిన శ్రీవేంకటేశ సుప్రభాతం రికార్డుతో తెలుగిళ్ళలో ఇప్పటికీ తెల్లవారుతుంది. తిరుపతిలో ఆమెకు విగ్రహం ఉంది. 1998లో భారతరత్న అందుకున్నారు. మదురైలో వీణ విద్వాంసురాలు షణ్ముఖవడివు కడుపున, దేవదాసీ సంప్రదాయమున్న ఇంట్లో పుట్టారామె. అమ్మాయిగా పాడిన రోజుల్లోనే ఆ గొంతు అంతటిదే. కానీ ఆమెకు సమాజం చేతులెత్తి మొక్కడానికి గొంతు చాలలేదు. 1940లో సదాశివంగారితో పెళ్ళి, ‘మీరా’ తర్వాత సినిమాలు మానేయడం, పట్టుచీర, వజ్రపు ముక్కుపుడకలు, తలనిండా మల్లెలు, తలవంచి మాట్లాడే ఒద్దిక, కచేరీల సొమ్ము దానధర్మాలకు ఇచ్చేయడం, ఇన్నీ కలిశాకే ఆమె మనకు పూజ్యురాలయ్యారు. ఆ భక్తి, ఆ దానగుణం నిజమైనవి కావని నేననడం లేదు. ఆమె సమకాలికులైన మగ విద్వాంసుల్లో ఎవరినీ గౌరవించే ముందు, ఈయన మంచి భర్తేనా అని మనం అడగలేదు. అదొక్కటే నా అభ్యంతరం. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1929 నుంచి ఏటా ఒక విద్వాంసుణ్ణి అధ్యక్ష పీఠం మీద కూర్చోబెట్టింది. ఆ పీఠంతో పాటు వచ్చే సంగీత కళానిధి బిరుదు ఒక స్త్రీకి తొలిసారి దక్కింది 1968లో. ఆమె సుబ్బులక్ష్మిగారే. దాదాపు నలభై ఏళ్ళపాటు ఆ వేదికకు అర్హురాలు దొరకలేదంటే నమ్మమంటారా? ఆ నలభై ఏళ్ళలోనే కదా వీణ ధనమ్మాళ్ బతికి, వాయించి, 1938లో వెళ్ళిపోయింది.

విద్య దగ్గర కూడా ఇదే వరస. రాగం తానం పల్లవి మగవాళ్ళ సొత్తు, ఆడవాళ్ళు కీర్తనలు చక్కగా పాడుకుంటే చాలు అన్నది ఒకనాటి సభామర్యాద. డి.కె.పట్టమ్మాళ్ క్లిష్టమైన తాళాల్లో పల్లవులు పాడి చూపించి, పల్లవి పట్టమ్మాళ్ అనిపించుకున్నారు. పాల్ఘాట్ మణి అయ్యర్ అంతటి మృదంగ విద్వాంసుడు చాలా కాలం ఆడవాళ్ళ కచేరీలకు వాయించలేదు. తర్వాత పట్టమ్మాళ్ గారికే వాయించారు. ఆయన కూతురు ఆమె ఇంటి కోడలు కూడా అయింది. మృదంగాన్నే చేతబట్టిన తెలుగు విదుషి నిడుమోలు సుమతిగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. అంతవరకు మన ఊళ్ళలో ఎంతమందికి ఆమె పేరు తెలుసు?

స్వతంత్రం వచ్చే రోజుల్లో ప్రభుత్వమే ఈ తూకం చేతబట్టింది. 1946లో సర్దార్ పటేల్ సమాచార శాఖ చూస్తున్నప్పుడు, ఎవరి సొంత జీవితం గురించి లోకం చెడ్డగా చెప్పుకుంటోందో అలాంటివాళ్ళను ఆకాశవాణిలో పాడించకూడదని నిర్ణయించారు. మాట అందరికీ వర్తించేలాగే ఉంది. దెబ్బ తగిలింది మాత్రం ఉత్తరాదిలో పాడే తవాయిఫులకూ బాయిజీలకూ. వాళ్ళ దగ్గర కూర్చుని తబలా వాయించిన, సారంగి పలికించిన, పాట నేర్చుకున్న, వాళ్ళ ఇళ్ళకు రాత్రిళ్ళు వెళ్ళిన మగవాళ్ళ సొంత జీవితాలు లోకం నోట పడలేదు, రేడియో గుమ్మం వాళ్ళకు మూసుకోలేదు. ఆ కోవకే చెందిన గాయని అఖ్తరీ బాయి 1945లో ఒక బారిస్టరును పెళ్ళాడి బేగం అఖ్తర్ అయ్యారు. గౌరవం వచ్చింది, పాట పోయింది. ఇంటి కోడలు పాడకూడదన్నారు. పాట లేక ఆమె జబ్బుపడ్డారు. 1949లో లక్నో రేడియోలో మళ్ళీ పాడాకే కోలుకున్నారని చెబుతారు.

మన తెలుగు నాటకరంగంలోనూ చూడండి. స్థానం నరసింహారావుగారు సత్యభామగా, చింతామణిగా రంగస్థలం మీద నడిచి వస్తే, పాడితే, జనం వన్స్‌మోర్ కొట్టారు. ఆడవాళ్ళు కూడా ఆయన చీరకట్టు చూసి నేర్చుకున్నారని చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ గౌరవం ఆయన కళకు తగినదే. అదే పాత్రను ఒక స్త్రీ వేస్తే, ఆ రోజుల్లో ఊళ్ళో ఇల్లు అద్దెకు దొరకడం కష్టం. ఆడవేషం మగవాడు వేస్తే ప్రతిభ, ఆడమనిషి వేస్తే నడత. బళ్ళారి రాఘవగారు ఒక్కరే గట్టిగా నిలబడి, స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని, చదువుకున్న ఆడవాళ్ళను వేదిక ఎక్కించారు.

మా ఇంట్లో ఒక మేనత్త ఉండేది. పెళ్ళికి ముందు ఊళ్ళో భజనల్లో పాడేది. ఆవిడ గొంతు విన్నవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. పెళ్ళిచూపుల్లో పాడించారు, పెళ్ళయ్యాక మానిపించారు. మా పెదనాన్న పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయిస్తూ నెలల తరబడి ఇల్లు పట్టకుండా తిరిగేవాడు, పొలం అమ్ముకున్నాడు. ఆయన గురించి మాట్లాడేటప్పుడు మా పెద్దవాళ్ళ గొంతుల్లో ఒక గర్వం ఉండేది, కళాపిపాసి అని. ఇద్దరికీ సంగీతం ఒకే తండ్రి నుంచి వచ్చింది.

సినిమా పాటకు వద్దాం, ఎందుకంటే మనలో ఎక్కువమందికి సంగీతం అంటే అదే. 1953లో ‘దేవదాసు’లో తాగుబోతు గుండె చెరువైన పాటలు పాడింది ఘంటసాల. కడపటి రోజుల్లో భగవద్గీత పాడింది ఆయనే. మన ఊళ్ళలో ఎవరైనా పోతే ఆ గీతే పెడతారు. తాగుబోతు పాట పాడిన గొంతుతో గీత ఎలా పాడాడని ఎవరైనా అడిగారా? అడగరు, అడగకూడదు కూడా. గాయకుడు పాత్రకు గొంతు ఇస్తాడు, అంతే. ఇప్పుడు ఎల్.ఆర్.ఈశ్వరిగారిని తలచుకోండి. అరవైల్లో, డెబ్బైల్లో తెలుగు సినిమాలో క్లబ్బు డాన్సు ఉందంటే ఆ గొంతు ఉండాల్సిందే. ఆ గమకం, ఆ విరుపు, ఊపిరితో తాళం వేసే ఆ నేర్పు ఇంకొకరికి పట్టుబడలేదు. తమిళనాట ఆడి మాసంలో అమ్మవారి గుళ్ళలో మైకుల్లో వినిపించేది కూడా ఆవిడే. లక్షలమందికి అమ్మవారి పాట అంటే ఈశ్వరి పాట. అయినా మన తెలుగువాళ్ళ నోట ఆవిడ క్లబ్బు పాటల ఈశ్వరిగానే మిగిలిపోయారు. ఆ పాట రాసిన కవికి క్లబ్బు కవి అని పేరు రాలేదు. బాణీ కట్టిన సంగీత దర్శకుడికి రాలేదు. డబ్బు పెట్టిన నిర్మాతకు రాలేదు. ఈల వేసి చూసిన ప్రేక్షకుడికి అసలే రాలేదు. రేడియోలో ఆ పాట రాగానే పెద్దవాళ్ళు గొంతు తగ్గించేవారు, పాడిన ఆవిడ ఏదో తప్పు చేసినట్టు. పాటలో మత్తు ఎంత పలకాలో అంత పలికించడం ఎంత కష్టమైన విద్యో ఒకసారి పాడి చూస్తే తెలుస్తుంది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2004 ఫిబ్రవరి 1న అమెరికాలో, హ్యూస్టన్‌లో జరిగిన సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీ విరామంలో జానెట్ జాక్సన్, జస్టిన్ టింబర్‌లేక్ కలిసి పాడారు. చివర్లో అతను ఆమె దుస్తుల్లో ఒక ముక్క లాగాడు. సెకను కూడా కాదు, అంతసేపు ఆమె రొమ్ము తెర మీద కనపడింది. లాగిన చెయ్యి అతనిది. అదే నెల గ్రామీ వేడుకలో ఆమె లేదు. అతను వెళ్ళాడు, బహుమతులు అందుకున్నాడు. ఆమె పాటలు టీవీల్లో, రేడియోల్లో వినపడటం తగ్గిపోయింది. 2018లో అదే సూపర్ బౌల్ వేదిక మీద అతన్ని మళ్ళీ పాడించారు. ఆమెకు బాహాటంగా క్షమాపణ చెప్పడానికి అతనికి 2021 దాకా పట్టింది. తప్పు ఇద్దరిదీ అనుకున్నా సరే, శిక్ష ఒక్కరిదే ఎలా అయింది?

2018 అక్టోబరులో గాయని చిన్మయి శ్రీపాద, సినీరంగంలో పేరున్న ఒక గేయ రచయిత తనతో తప్పుగా ప్రవర్తించారని బయటపెట్టారు. ఆయన కాదన్నారు. నిజం తేల్చడం విచారణల పని, నా పని కాదు. కానీ జనం వేసిన ప్రశ్నలు నాకు గుర్తున్నాయి. ఇన్నేళ్ళు ఎందుకు నోరు మూసుకున్నావు, మరి పెళ్ళికి ఎందుకు పిలిచావు, కాళ్ళకు ఎందుకు దండం పెట్టావు. ప్రశ్నలన్నీ ఆమె నడత మీదే. ఆయన్ను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంది, దాన్ని అడిగినవాళ్ళు తక్కువ. ఆ నవంబరులో తమిళ డబ్బింగు కళాకారుల సంఘం చందా బాకీ ఉందంటూ ఆమె సభ్యత్వం తీసేసింది. ‘ఏ మాయ చేసావే’లో సమంతకు మాట ఇచ్చింది ఆ గొంతే, తెలుగువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2023లో ‘లియో’ వచ్చేదాకా తమిళ తెరకు ఆ గొంతు మళ్ళీ మాట ఇవ్వలేదు.

నా మాట ఇది. ఒక కళాకారుడు ఇంకొక మనిషిని బాధపెడితే, హింసిస్తే, మోసం చేస్తే అడగవలసిందే. ఆడైనా మగైనా, ఎంత గొప్ప గొంతైనా. పాట బాగుంది కదా అని మగవాళ్ళ అకృత్యాలను మనం చాలా మింగేశాం, ఇక మింగకూడదు. మరి ఎవరినీ నొప్పించని సంగతులు ఉన్నాయి. ఎవరిని పెళ్ళాడారు, ఎందుకు విడిపోయారు, ఏం కట్టుకున్నారు, వయసెంత, శృంగారం పాడారా భక్తి పాడారా, ఇవి ఇద్దరిలో ఎవరినీ అడగనక్కర్లేదు. ఇంతకాలం మనం చేసింది సరిగ్గా తలకిందులు. అడగవలసినది మగవాణ్ణి అడగలేదు, అడగకూడనిది ఆడదాన్ని వదలకుండా అడిగాం. దీనివల్ల పోయింది ఆడవాళ్ళకే కాదు. పాడనివ్వని గొంతులు, అచ్చుకానివ్వని పదాలు, పరువు కోసం గజ్జె విప్పేసిన ఇళ్ళతో పాటు మాయమైన జావళీలు, అవన్నీ మన సంగీతంలోంచే పోయాయి.

సభలు నడిపే పెద్దలకు ఒక మనవి. మీ వేదికల మీద పరిచయాలు వింటున్నాను. విద్వాంసుడైతే ఫలానా వారి శిష్యులు, ఫలానా బాణీ అని చెబుతారు. విదుషి అయితే ఫలానా ఇంజినీరు గారి సతీమణి, ఇద్దరు పిల్లల తల్లి, సంసారం చక్కగా చూసుకుంటూనే సంగీతాన్ని కొనసాగిస్తున్నారు అని చెబుతారు. మీకు దురుద్దేశం లేదని తెలుసు, అది ఆమెకు గౌరవమనే మీరు అనుకుంటారు. ఇక నుంచి ఆమెను కూడా గురువు పేరుతో, బాణీతో పరిచయం చేయండి. సాధన చేసిన ఏళ్ళు చెప్పండి. అక్కడ ఆపి మైకు ఆమెకు ఇవ్వండి.